ముందు టర్బైన్ వదులుకుంటేనే వెనక టర్బైన్‌కి: విండ్ ఫామ్ మొత్తం ఉత్పత్తి పెంచే కంట్రోల్, అడుగడుగునా

కాలువ కింద సేద్యం చేసేవాళ్లకి ఇది కొత్త కాదు. పై తూము రైతు తన మడి నిండేదాకా నీళ్లు మళ్లించుకుంటే చివరి ఆయకట్టు ఎండుతుంది. విండ్ ఫామ్‌లో (గాలిమరలు, అంటే టర్బైన్లు, బారులుగా నిలబెట్టిన చోట) జరిగేదీ అదే. గాలి ముందుగా తగిలే టర్బైన్ అందులోని శక్తిని లాగినంత లాగేస్తుంది. దాని వెనక ఉన్నదానికి మిగిలేది నీరసించి, సుడులు తిరుగుతున్న గాలి. దీన్ని ఇంజనీర్లు వేక్ అంటారు. నేను గాలినీడ అంటాను, ఎండలో చెట్టు నీడలాగే ఇదీ పొడుగ్గా సాగుతుంది, దిక్కు మారితే కదులుతుంది కాబట్టి.

డెన్మార్క్ పశ్చిమ తీరంలో 2002లో మొదలైన హార్న్స్ రెవ్ 1 ఫామ్‌లో 80 టర్బైన్లున్నాయి, ఒక్కోటి 2 మెగావాట్లు. వాటి మధ్య దూరం 7 రోటర్ వ్యాసాలు (రోటర్ అంటే తిరిగే రెక్కల చక్రం), అంటే 560 మీటర్లు. పడమటి గాలి సరిగ్గా వరస వెంట వీచినప్పుడు, మధ్యస్థ వేగాల్లో రెండో టర్బైన్ మొదటిదానికంటే దాదాపు 40 శాతం తక్కువ కరెంటు ఇస్తుంది. 2008 ఫిబ్రవరిలో పొగమంచు పట్టిన ఒక రోజు ఆ గాలినీడలన్నీ తెల్లటి తోకల్లా కనబడ్డాయి. ఆ ఫొటో ఈ రంగంలో చూడనివాళ్లు ఉండరు.

ఈ నష్టంలో కొంత భాగాన్ని కొత్త యంత్రాలు పెట్టకుండా, కేవలం సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తెచ్చుకోవడం ఎలాగో ఇక్కడ చెబుతాను. ఎంత వస్తుందో ముందే చెప్పేస్తే మంచిది. వాయవ్య భారతంలోని ఒక వాణిజ్య ఫామ్‌లో ఎంఐటీ పరిశోధకులు చేసిన ప్రయోగం ఫలితాలు 2022లో నేచర్ ఎనర్జీ పత్రికలో వచ్చాయి. వాళ్లు ఎంచుకున్న గాలి దిక్కుల్లో, సెకనుకు 6 నుంచి 8 మీటర్ల వేగాల్లో లాభం సుమారు 3 శాతం. అన్ని వేగాలూ కలిపితే సుమారు 1 శాతం. అంతకుముందు 2019లో కెనడాలోని అల్బర్టాలో ఆరు టర్బైన్ల మీద చేసిన ప్రయోగంలో తక్కువ వేగపు గాలుల్లో 28 నుంచి 47 శాతం లాభం వచ్చిందని పత్రికలన్నీ రాశాయి. అది నిజమే, కానీ కొన్ని దిక్కుల్లో, కొన్ని వేగాల్లో మాత్రమే. ఏడాది మొత్తానికి పరిచేసరికి ఆ లాభం బాగా పలచబడుతుంది. 47 శాతం అని యాజమాన్యానికి చెప్పి పని మొదలుపెడితే తర్వాత టెన్షన్ పడాల్సింది మీరే.

మొదటి అడుగు: అసలు మీ ఫామ్‌కి ఇది అవసరమా

టర్బైన్ పనిచేసే తీరులో రెండు ముఖ్యమైన దశలుంటాయి. గాలి తక్కువగా ఉన్నప్పుడు దొరికిందంతా పట్టుకోవాలి. రేటెడ్ వేగం (జనరేటర్ పూర్తి సామర్థ్యాన్ని అందుకునే గాలి వేగం) దాటాక జనరేటర్ ఇక తీసుకోలేదు కాబట్టి రెక్కలు తిప్పి గాలిని వదిలేయాలి. ఈ రెండో దశలో, గాలి రేటెడ్ వేగాన్ని బాగా మించితే, గాలినీడతో పెద్ద బాధ లేదు, ముందువాళ్లు వదిలింది వెనకవాళ్లకి సరిపోతుంది. కాబట్టి మన ఆటంతా మొదటి దశలోనే.

ఇప్పుడు ఫామ్ పటం, ఏడాది గాలి దిక్కుల చిత్రం (విండ్ రోజ్ అంటారు) పక్కపక్కన పెట్టుకోండి. ఎక్కువ గాలి వీచే దిక్కులో ఒకదాని వెనక ఒకటి టర్బైన్లు వస్తున్నాయా? వాటి మధ్య దూరం 3 నుంచి 7 వ్యాసాలేనా? రెండింటికీ అవునంటేనే ముందుకెళ్లండి. రాయలసీమలో చాలాచోట్ల టర్బైన్లని కొండ అంచు వెంబడి, నైరుతి గాలికి అడ్డంగా ఒకే వరసలో పేర్చారు. అలాంటి చోట వెనక ఎవరూ లేనప్పుడు నీడని మళ్లించడం దండగ. రెండు, మూడో అడుగులు చేసుకుని ఆగిపోండి, వాటితోనే వచ్చేది వస్తుంది.

ఇంకో మాట. మన దేశంలో ఒకే సైటులో పది మంది యజమానుల టర్బైన్లు ఉండటం మామూలే. ముందు టర్బైన్ ఒకరిది, వెనకది ఇంకొకరిది అయితే మొదటాయన తన యూనిట్లు తగ్గించుకుని రెండో ఆయన మీటరు ఎందుకు తిప్పుతాడు? పై తూము, చివరి ఆయకట్టు తగాదా ఇక్కడ కూడా తప్పదు. అల్గారిదం రాయకముందే లాభం ఎలా పంచుకుంటారో కాగితం మీద రాసుకోవాలి.

రెండో అడుగు: ముందు ఒక్కో టర్బైన్‌నీ సరిచేయండి

లెక్కలకి ఒక టర్బైన్ కావాలి. అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల 2009లో ప్రచురించిన 5 మెగావాట్ల నమూనా టర్బైన్‌ని తీసుకుందాం. నిజంగా ఎక్కడా నిలబెట్టింది కాదు, కానీ వివరాలన్నీ బహిరంగం కాబట్టి ప్రపంచమంతా లెక్కలకి దీన్నే వాడతారు. రోటర్ వ్యాసం 126 మీటర్లు, రేటెడ్ గాలి వేగం సెకనుకు 11.4 మీటర్లు.

గాలిలోని శక్తిలో ఎంత భాగాన్ని రోటర్ పట్టుకుంటుందో చెప్పే సంఖ్యని పవర్ గుణకం అంటారు. ఏ రోటరూ దాటలేని సైద్ధాంతిక హద్దు 59.3 శాతం, దాన్ని బెట్జ్ పరిమితి అంటారు. మన నమూనా టర్బైన్‌కి గరిష్ఠం 48.2 శాతం. అది కూడా రెక్క కొన వేగం గాలి వేగానికి 7.55 రెట్లు ఉన్నప్పుడే. గాలి పెరిగితే రోటర్ వేగం పెరగాలి, తగ్గితే తగ్గాలి. గాలి వేగాన్ని నేరుగా కొలవకుండానే దీన్ని సాధించే ఉపాయం ఎంత చిన్నదో చూడండి:

జనరేటర్ టార్క్ = కె × (రోటర్ వేగం)²

కె = 0.5 × గాలి సాంద్రత × పై × (రోటర్ వ్యాసార్ధం)⁵ × గరిష్ఠ పవర్ గుణకం ÷ (ఉత్తమ కొన వేగ నిష్పత్తి)³

సాంద్రత 1.225, వ్యాసార్ధం 63 వేస్తే కె విలువ సుమారు 21.4 లక్షలు వస్తుంది (టార్క్, అంటే తిప్పే బలం, రోటర్ షాఫ్ట్ దగ్గర న్యూటన్ మీటర్లలో; రోటర్ వేగం సెకనుకు రేడియన్లలో). రోటర్ అవసరానికి మించి తిరిగితే టార్క్ వర్గంలో పెరిగి దాన్ని నెమ్మదింపజేస్తుంది, తక్కువ తిరిగితే వదులిస్తుంది. తనంతట తనే సరైన చోటికి చేరుతుంది. నాకు ఇష్టమైన కంట్రోల్ సూత్రాల్లో ఇదొకటి, ఒక్క లైనులో ఇంత పని చేసేవి అరుదు.

సెకనుకు 8 మీటర్ల గాలిలో సరిచూసుకోండి. రోటర్ వేగం 7.55 × 8 ÷ 63 = సెకనుకు 0.959 రేడియన్లు, అంటే నిమిషానికి 9.2 చుట్లు. రోటర్ శక్తి 1.885 మెగావాట్లు. జనరేటర్ సామర్థ్యం 94.4 శాతం కలిపితే కరెంటు 1.78 మెగావాట్లు. మీ కోడ్ ఈ అంకె ఇవ్వకపోతే ముందుకెళ్లొద్దు.

ఇక్కడ ఒక లోపలి సంగతి. 1.225 అనేది సముద్ర మట్టం దగ్గర, 15 డిగ్రీల ఉష్ణోగ్రతలో ఉండే సాంద్రత. 500 మీటర్ల ఎత్తున్న కొండ మీద, 40 డిగ్రీల ఎండలో అది 1.06 దగ్గరికి పడిపోతుంది. ఫ్యాక్టరీలో పెట్టిన కె అలాగే ఉంటే 15 శాతం ఎక్కువన్నమాట, రోటర్ ఉండాల్సిన వేగం కన్నా కింద నడుస్తుంది. పవర్ గుణకం శిఖరం దగ్గర బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి నష్టం 15 శాతం కాదు, చాలా తక్కువే. అయినా ఉష్ణోగ్రత, పీడనం సెన్సర్లు టర్బైన్ మీద ఎలాగూ ఉంటాయి, కె ని సాంద్రతతో పాటు మార్చడానికి రూపాయి ఖర్చు లేదు. రెక్కల అంచులు దుమ్ముకి అరిగినా ఉత్తమ కె మారుతుంది. కొద్దిగా మార్చి, కొన్ని వారాలు చూసి, మెరుగైతే ఉంచి, లేకపోతే వెనక్కి తిప్పే పద్ధతి వాడతారు. తొందరపడి గంటకోసారి మారిస్తే మాత్రం మీరు చూసేది కె ప్రభావం కాదు, గాలి ప్రభావం.

1990లలో రామగిరి లాంటి చోట్ల నిలబెట్టిన చిన్న టర్బైన్లు చాలావరకు స్థిర వేగంతో తిరిగేవి. వాటికి ఈ సూత్రం వర్తించదు.

మూడో అడుగు: దిక్సూచి సరిచేయడం, అసలు పని ఇదే

మొత్తం వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఈ భాగం పెట్టుకోండి.

టర్బైన్ తల (నాసెల్) గాలికి ఎదురుగా తిరగడాన్ని యా అంటారు. తల మీద ఉండే చిన్న గాలి తోక (విండ్ వేన్) ‘గాలి ఇటు’ అని చెబుతుంది. ఆ తోక రోటర్ వెనక, రెక్కలు చిందరవందర చేసిన గాలిలో కూర్చుని చెబుతుంది. బిగించినప్పుడే కొంచెం వంకరగా బిగించి ఉండొచ్చు. అది 8 డిగ్రీలు తప్పు చెబితే టర్బైన్ ఎప్పుడూ 8 డిగ్రీలు పక్కకి చూస్తూ ఉంటుంది, నష్టం సుమారు 2 శాతం. అల్గారిదంతో కష్టపడి తెచ్చుకునే లాభం అంతా ఇక్కడే కారిపోతోందన్నమాట. నాసెల్ మీద లైడార్ (లేజర్ కిరణాలతో ఎదురు గాలిని కొలిచే పరికరం) కొన్ని వారాలు పెట్టి చూస్తే ఈ తేడా తేలుతుంది. లైడార్ లేకపోతే వేన్ చూపే కోణం వారీగా ఉత్పత్తిని విడగొట్టి, ఎక్కడ శిఖరం వస్తుందో చూడండి. అది సున్నా దగ్గర కాకుండా 5 దగ్గర వస్తే వేన్ 5 డిగ్రీలు అబద్ధం చెబుతోందని అనుమానించాలి.

ఇది ఒక తప్పు. రెండోది ఉత్తరం తప్పు. నాసెల్ ఏ దిక్కుకి ఉందో చెప్పే లెక్కకి ఉత్తరం ఎటో తెలియాలి. ఒంటరి టర్బైన్‌కి అది తెలియకపోయినా ఇబ్బంది లేదు, గాలి ఎటుంటే అటు తిరుగుతుంది. అందుకే ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోరు. నీడ ఎవరి మీద పడుతోందో లెక్కించే మనకి మాత్రం అదే ప్రాణం.

సరిచేయడానికి చక్కని మార్గం ఉంది. గాలినీడనే దిక్సూచిగా వాడటం. ఒక జంటని తీసుకోండి. వెనక టర్బైన్ ఉత్పత్తిని ముందుదాని ఉత్పత్తితో భాగించి, ముందుదాని నాసెల్ దిక్కు వారీగా 2 డిగ్రీల బుట్టల్లో వేసి గీయండి. ఒకచోట లోతైన గుంట కనిపిస్తుంది. ఆ దిక్కులోనే నీడ సరిగ్గా వెనకదాని మీద పడుతోంది. పటంలో ఆ రెండింటి మధ్య దిక్కు 262 డిగ్రీలు అయి, గుంట 268 దగ్గర వస్తే నాసెల్ లెక్క 6 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందన్నట్టు. ఇలా ప్రతి టర్బైన్‌కీ, వీలైతే రెండు మూడు పొరుగు జంటలతో చూడండి. అన్నీ ఒకే మాట చెప్పాలి. నెలవారీగా కూడా చూడండి, ఎందుకంటే మరమ్మతుకి వచ్చినవాళ్లు రీసెట్ చేసి వెళ్తే ఉత్తరం ఒక్కరోజులో జరిగిపోతుంది.

ఎందుకు ఇంత పట్టుదల అంటారా? లెక్క చూడండి. మధ్య దూరం 630 మీటర్లు (5 వ్యాసాలు) అనుకుంటే 3 డిగ్రీల దిక్కు తప్పుకి నీడ మధ్యరేఖ 33 మీటర్లు పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది. ముందు టర్బైన్‌ని 20 డిగ్రీలు పక్కకి తిప్పి మనం నిజంగా నీడని జరపగలిగేది కూడా రమారమి 30 మీటర్లే. అంటే దిక్సూచి 3 డిగ్రీలు తప్పితే మీ అల్గారిదం పడే శ్రమంతా ఆ తప్పులోనే మునిగిపోతుంది. ఎదుటి పక్కకి తిప్పి, ఉన్న ఉత్పత్తి కూడా పోగొట్టుకునే ప్రమాదం కూడా ఉంది.

నాలుగో అడుగు: నీడకి ఒక లెక్క

అన్నిటికంటే సులువైనది జెన్సెన్ నమూనా, 1983లో డెన్మార్క్ రీసో ప్రయోగశాల నుంచి వచ్చింది. నీడ గరాటులా వెడల్పవుతూ పోతుందని, ఏ దూరంలోనైనా దాని అడ్డకోతంతా ఒకే వేగం ఉంటుందని అనుకుంటుంది.

వేగం తగ్గుదల = (1 − √(1 − థ్రస్ట్ గుణకం)) × (వ్యాసం ÷ (వ్యాసం + 2 × విస్తరణ × దూరం))²

థ్రస్ట్ గుణకం అంటే రోటర్ గాలిని ఎంత గట్టిగా ఆపుతోందో చెప్పే అంకె. 0.8 వేద్దాం. విస్తరణ నేల మీద 0.075, సముద్రం మీద 0.04 నుంచి 0.05 వాడుక. 0.05 తీసుకుంటే, 630 మీటర్ల దగ్గర తగ్గుదల 24.6 శాతం. 8 మీటర్ల గాలి 6.03 అయింది. శక్తి వేగం ఘనంతో మారుతుంది కాబట్టి వెనక టర్బైన్ 1.78కి బదులు 0.76 మెగావాట్లే ఇస్తుంది. నాలుగో వంతు గాలి తగ్గితే సగానికి పైగా కరెంటు పోయింది.

నీడని పక్కకి జరపాలనుకునేవాళ్లకి జెన్సెన్ చాలదు. నీడ మధ్యలో చిక్కగా, అంచుల్లో పలచగా ఉంటుంది కదా. ఆ గంట ఆకారాన్ని లెక్కలోకి తెచ్చిన గాసియన్ నమూనాని బస్తాంఖా, పోర్తే-అజెల్ 2014లో ప్రతిపాదించారు, 2016లో యా తిప్పిన టర్బైన్లకి విస్తరించారు. ఇవన్నీ మీరే రాసుకోనక్కర్లేదు. ఫ్లోరిస్ అనే ఓపెన్ సోర్స్ పైథాన్ సాధనం ఉంది, రెండో అడుగులో చెప్పిన అమెరికా ప్రయోగశాలదే. మన 5 మెగావాట్ల నమూనా టర్బైన్ అందులోనే ఉంటుంది. మీ టర్బైన్ పవర్ కర్వ్, థ్రస్ట్ కర్వ్ (గాలి వేగం వారీగా ఉత్పత్తి, థ్రస్ట్ గుణకం ఎంతో చెప్పే పట్టికలు), స్థానాలు ఇస్తే చాలు.

కానీ దించుకున్న వెంటనే వచ్చే అంకెల్ని నమ్మకండి. మూడో అడుగులో గీసిన గుంట ఉంది కదా, నమూనా గీసే గుంటని దాని మీద పెట్టి చూడండి. లోతు, వెడల్పు కలిసేదాకా విస్తరణ, అల్లకల్లోలం పారామితులు సవరించండి. పగలూ రాత్రీ వేరుగా చేయండి. పగటి ఎండకి గాలి కలయబోసుకుని నీడ త్వరగా చెదిరిపోతుంది. రాత్రి గాలి పొరలు కదలకుండా ఉంటే అదే నీడ కిలోమీటర్ల దూరం సాగుతుంది. కొండల్లో అయితే వెనక టర్బైన్ ఎత్తున ఉన్నందువల్లే ఎక్కువ గాలి అందుకోవచ్చు. నీడ లేని దిక్కుల్లో ఆ రెండింటి నిష్పత్తి ఎంతో చూసి ముందు ఆ తేడా తీసేయండి.

ఐదో అడుగు: ఏ మీట నొక్కాలి

రెండు మీటలున్నాయి. ఒకటి, ముందు టర్బైన్ కొంచెం తక్కువ లాగడం. రెండోది, నీడని పక్కకి మళ్లించడం.

మొదటిది కాగితం మీద అద్భుతంగా ఉంటుంది. బెట్జ్ సిద్ధాంతం ప్రకారం రోటర్ గాలిని మూడో వంతుకి బదులు నాలుగో వంతే నెమ్మదింపజేస్తే తన ఉత్పత్తి 5 శాతం తగ్గుతుంది, థ్రస్ట్ మాత్రం 16 శాతం తగ్గుతుంది. ఐదు ఇచ్చి పదహారు తెచ్చుకున్నట్టు. జెన్సెన్ నమూనాలో వేస్తే లాభమే చూపిస్తుంది, అందుకే పాత పరిశోధన పత్రాలు దీన్ని ఆకాశానికెత్తాయి. నిజం గాలిలో అలా జరగలేదు. వదిలిన శక్తిలో చాలాభాగం నీడ అంచుల వెంట పోతుంది, వెనక రోటర్ పక్కనుంచి జారిపోతుంది. క్షేత్ర ప్రయోగాల్లో దీని లాభం కొలత పొరపాట్లలో కలిసిపోయేంత చిన్నది. యంత్రాల మీద భారం తగ్గించడానికి పనికొస్తుంది, ఉత్పత్తి కోసమైతే దీని మీద సమయం పెట్టొద్దని నా సలహా. రెక్కల పిచ్‌ని (రెక్క తిరిగి ఉండే కోణాన్ని) లయగా ఊపి నీడని త్వరగా చెదరగొట్టే పద్ధతులు కూడా ఉన్నాయి. డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్ల హెలిక్స్ పద్ధతి 2020లో వచ్చింది. ఆసక్తికరమే, కానీ పిచ్ బేరింగులు అరుగుతాయి.

రెండో మీట, వేక్ స్టీరింగ్. ముందు టర్బైన్‌ని గాలికి కావాలనే ఓరగా నిలబెడితే అది గాలిని పక్కకి నెడుతుంది, నీడ వంగుతుంది. ఖర్చు: ఓరగా నిలబడ్డ టర్బైన్ ఉత్పత్తి కోణపు కొసైన్‌ని ఒక ఘాతానికి పెంచినట్టు తగ్గుతుంది. ఆ ఘాతం 1.88 అనుకుందాం. టర్బైన్‌ని బట్టి 1.4 నుంచి 3 దాకా ఉంటుంది కాబట్టి మీది మీరే కొలవాలి.

బేరం గిట్టుబాటవుతుందా? మన జంటలో 10 డిగ్రీలు తిప్పితే ముందుది 2.8 శాతం, అంటే 0.05 మెగావాట్లు కోల్పోతుంది. అది పూడాలంటే వెనక గాలి 6.03 నుంచి కనీసం 6.16కి పెరగాలి. 20 డిగ్రీలకి నష్టం 11 శాతం, దాదాపు 0.2 మెగావాట్లు, గాలి 6.51 అవ్వాలి. 25 డిగ్రీలకి 17 శాతం నష్టం, 6.74 అవ్వాలి. గాలి సరిగ్గా వరస వెంటే వీస్తున్నప్పుడు, వెనక ఒక్క టర్బైనే ఉన్నప్పుడు ఈ బేరం చాలాసార్లు గిట్టదు. గాలి రెండు మూడు డిగ్రీలు పక్కగా ఉండి నీడ ఇప్పటికే సగం తప్పుకుని ఉంటే ఒక చిన్న తోపుతో మిగతా సగం కూడా తప్పుతుంది, అక్కడ గిడుతుంది. వెనక మూడు నాలుగు టర్బైన్లు బారులుగా ఉంటే ఇంకా గిడుతుంది, ఒకరి త్యాగం నలుగురికి పంచుతారు కాబట్టి.

అమెరికాలోని ఒక వాణిజ్య ఫామ్‌లో జరిపి 2019లో ప్రచురించిన పరీక్ష దీనికి మంచి ఉదాహరణ. దగ్గరగా ఉన్న ఒక జంటలో, 10 డిగ్రీల దిక్కు పరిధిలో, వెనక టర్బైన్ శక్తి దాదాపు 14 శాతం పెరిగింది. జంట మొత్తానికి లెక్కేస్తే 4 శాతం. ఎవరైనా మీకు 14 చూపిస్తే 4 ఎక్కడని అడగండి.

ఆరో అడుగు: ఉత్తమ కోణాల పట్టిక

ఇప్పుడు ప్రతి గాలి దిక్కుకీ, వేగానికీ ఏ టర్బైన్ ఎన్ని డిగ్రీలు ఓరగా ఉండాలో ముందే లెక్కించి పట్టికగా పెట్టుకోవాలి. 20 టర్బైన్లకి తలా ఐదు కోణాలు ప్రయత్నిద్దామంటే ఐదుని ఇరవై సార్లు రాసి ఒకదానితో ఒకటి గుణించాలి, 95 లక్షల కోట్ల కలయికలు. కుదరదు. కానీ గాలి ఒకే వైపు పారుతుంది, కాలువలాగే. వెనక టర్బైన్ ఏం చేసినా ముందుదాని మీద ప్రభావం దాదాపు ఉండదు. ఆ సౌకర్యం వాడుకునే పద్ధతిని సీరియల్ రిఫైన్ అంటారు:

1. గాలి దిక్కు ప్రకారం టర్బైన్లని ఎగువ నుంచి దిగువకి వరస పెట్టండి.
2. మొదటిదాన్ని తీసుకుని ఐదు కోణాలు ప్రయత్నించండి, మిగతావన్నీ ఉన్నచోటే ఉంచి. ఫామ్ మొత్తం ఉత్పత్తి దేనికి ఎక్కువ వస్తే దాన్ని ఖాయం చేయండి.
3. రెండోది, మూడోది, అలా చివరిదాకా. మొత్తం 100 లెక్కలు.
4. దొరికిన కోణాల చుట్టూ సన్నటి మెట్లతో ఇంకో చుట్టు.

లాప్‌టాప్ మీద అయిపోతుంది. గుర్తుంచుకోవలసింది రెండో అంశంలోని ‘ఫామ్ మొత్తం’ అన్న మాట. ఆఖరి వరసకి ఎప్పుడూ సున్నా రావాలి, వెనక ఎవరూ లేరు కదా. రాకపోతే కోడ్‌లో పొరపాటుంది.

ఇలా వచ్చే పట్టికకి ఒక జబ్బు ఉంటుంది. 270 డిగ్రీల దగ్గర +22 అని, 271 దగ్గర −22 అని చెబుతుంది. నిజం గాలి పది నిమిషాల్లోనే నాలుగైదు డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది. కాబట్టి ఒక్క దిక్కుకి కాకుండా, దాని చుట్టూ నాలుగైదు డిగ్రీల చెదురుతో సగటు ఉత్పత్తిని పెంచమని అడగండి. కోణాలు చిన్నవవుతాయి, అంచులు నునుపవుతాయి, కాగితం మీద లాభం తగ్గుతుంది. పొలంలో చేతికొచ్చేది మాత్రం ఇదే.

తయారీ కంపెనీ ఒప్పుకున్న కోణ పరిమితి, సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీలు, ముందే పెట్టండి. కుడికి ఓరగా నిలబడటం, ఎడమకి నిలబడటం రెక్కల మీద ఒకే భారం వేయవు. ఒక పక్క మాత్రమే అనుమతిస్తే పట్టిక ఇంకా సులువవుతుంది. కంపెనీ రాతపూర్వక ఒప్పుదల లేకుండా ఒక్క డిగ్రీ కూడా తిప్పకండి, వారంటీ పోతుంది.

ఏడో అడుగు: నడుస్తున్న ఫామ్‌లో పెట్టడం

పట్టిక ఉంటే సరిపోదు, ఏ గడి చూడాలో ప్రతి నిమిషం తెలియాలి. ఒక్క టర్బైన్ వేన్‌ని నమ్మకుండా, ఎగువన ఉన్న నాలుగైదు టర్బైన్ల సవరించిన దిక్కుల సగటు తీసుకోండి. 359 డిగ్రీలు, 1 డిగ్రీల సగటు 180 కాదని గుర్తుంచుకోండి. సైన్, కొసైన్ విడిగా సగటు తీసి కలపాలి. వినడానికి నవ్వొస్తుంది కానీ ఈ తప్పు చేయని జట్టు అరుదు. ఆ సగటుని కొన్ని నిమిషాల ఫిల్టర్‌లో పోయండి.

యా మోటార్లు నెమ్మది. మన నమూనా టర్బైన్‌కి సెకనుకు 0.3 డిగ్రీలు, 20 డిగ్రీలు తిరగడానికి నిమిషానికి పైగా. తర్వాత మారిన నీడ 630 మీటర్లు ప్రయాణించాలి, 8 మీటర్ల గాలిలో దాదాపు 80 సెకన్లు. కాబట్టి గాలి ప్రతి కదలికనీ వెంటాడే కంట్రోలర్ ఎప్పుడూ పాత గాలికి జవాబిస్తూ ఉంటుంది. లక్ష్య కోణానికీ ఉన్న కోణానికీ తేడా నాలుగైదు డిగ్రీలు దాటి, కొన్ని నిమిషాలు అలాగే నిలిస్తేనే ఆదేశం పంపండి. రోజుకి ఎన్నిసార్లు తిరిగిందో లెక్క పెట్టండి. పాత పద్ధతికంటే బాగా పెరిగితే యా బేరింగులు తింటున్నారన్నమాట.

ఆదేశం ఎలా పంపాలన్నది కూడా ముఖ్యమే. టర్బైన్ సొంత యా కంట్రోలర్‌ని పక్కకి నెట్టేయకండి. వేన్ అంకెకి ఒక ఆఫ్‌సెట్ (మనం కోరే ఓర కోణం) కలిపితే చాలు, టర్బైన్ తన పద్ధతిలోనే తిరుగుతుంది, అదే గాలికి ఎదురనుకుంటుంది. నెట్‌వర్క్ పోతే, సెన్సర్ పోతే, తుఫాను గాలి వస్తే, ఎగువ టర్బైన్ ఆగిపోతే ఆఫ్‌సెట్ తనంతట తనే సున్నా కావాలి. గ్రిడ్‌ని నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్ ఉత్పత్తి తగ్గించమన్నప్పుడు కూడా సున్నాయే. అమ్ముకోలేని కరెంటు కోసం యంత్రాన్ని ఓరగా నిలబెట్టడం ఎందుకు?

ఎనిమిదో అడుగు: నిజంగా పెరిగిందా

‘పోయిన ఏడాది కన్నా ఈ ఏడాది 4 శాతం ఎక్కువ’ అనే మాట రుజువు కాదు. నైరుతి ఒక ఏడాది బలంగా ఉంటుంది, ఒక ఏడాది ఉండదు. అందుకే కంట్రోల్‌ని ఆపుతూ నడుపుతూ పోల్చాలి: గంట పాటు ఆన్, గంట పాటు ఆఫ్, నెలల తరబడి. పగలు ఆన్, రాత్రి ఆఫ్ పెడితే మీరు కొలిచేది పగటికీ రాత్రికీ ఉన్న తేడాని. మారిన తర్వాత మొదటి కొన్ని నిమిషాల డేటా పారేయండి, అప్పుడు పాత నీడ ఇంకా దారిలోనే ఉంటుంది.

ఎప్పుడూ నీడలో పడని, మీరు తిప్పని రెండు మూడు టర్బైన్లని ప్రమాణంగా పెట్టుకోండి. పరీక్ష టర్బైన్ల మొత్తం శక్తిని ప్రమాణ టర్బైన్ల శక్తితో భాగించి, 2 డిగ్రీల దిక్కు, 1 మీటరు వేగం బుట్టల్లో ఆన్‌కీ ఆఫ్‌కీ విడిగా చూడండి. ఎంత నమ్మొచ్చో తెలియాలంటే బూట్‌స్ట్రాప్ చేయండి. డేటా ముక్కలన్నీ సంచిలో వేసి, తీసింది మళ్లీ వేస్తూ, వెయ్యి సార్లు లాటరీ తీసినట్టు లెక్క తిరగేయడమే. వెయ్యిలో యాభై సార్లు నష్టం వస్తోందంటే ఇంకా ఆగాలి.

ఎంతకాలం? గాలి మనకి కావాల్సిన దిక్కులో ఏడాదికి 10 శాతం కాలం ఉంటుందని, అందులో సగం కాలం రేటెడ్ కన్నా తక్కువ వేగమని అనుకోండి. అంటే 18 రోజులు. ఆన్, ఆఫ్‌లకి పంచితే తొమ్మిదేసి రోజులు. ఒక్క నెల పరీక్షతో ఫలితం చెప్పేవాళ్లు కనిపిస్తే ఆ నెల ఏదో అడగండి.

నమూనా లేకుండా తనంతట తనే నేర్చుకునే రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ గురించి ఈ మధ్య అందరూ అడుగుతున్నారు. సిమ్యులేషన్‌లో బాగుంటుంది. నిజం ఫామ్‌లో ఒక ప్రయత్నం బాగుందో లేదో తేలడానికే వారాలు పడుతుందని ఇప్పుడే లెక్కేశాం, అలాంటి చోట వేల ప్రయత్నాలతో నేర్చుకునే పద్ధతికి గాలి చాలదు. భౌతిక నమూనా పెట్టుకుని, దాని పారామితుల్ని ప్రతి సీజన్ స్కాడా డేటాతో (టర్బైన్ల నుంచి ఎప్పటికప్పుడు నమోదయ్యే అంకెలతో) సవరించుకోవడం ఇప్పటికి మేలైన దారి. ఆ సవరణ మొదలుపెట్టే ముందు మళ్లీ మూడో అడుగులోని గుంటలు గీయండి. ఆ మధ్య ఎవరైనా వేన్ మార్చి ఉంటే ముందుగా అక్కడే తెలుస్తుంది.